చివరి బెంచీ మేడమ్ ఏడు దాకా లెక్కపెట్టింది

ఆవిడ అసలు పేరు బళ్ళో ఎవరూ పలకరు. పిల్లలకీ టీచర్లకీ ఆవిడ చివరి బెంచీ మేడమ్. ఇరవై రెండేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి ఇప్పుడు తోటి టీచర్ల తరగతుల్లో వెనక కూర్చుని, పాఠం ఎక్కడ పిల్లలకు అందుతోందో ఎక్కడ అందడంలేదో చూసి, తర్వాత వాళ్ళతో కూర్చుని మాట్లాడుతుంది. ఈ పనిని కోచింగ్ అంటారు. ఇంట్లో అత్తగారికి మాత్రం ఎన్నిసార్లు చెప్పినా ఇది తలకెక్కలేదు. "అన్నేళ్ళు పాఠాలు చెప్పించి ఆఖరి బెంచీలో కూర్చోబెట్టారా? ఏం తప్పు చేశావే?" అని వచ్చినవాళ్ళందరి ముందూ ఆటపట్టిస్తుంది. కోడలేమీ చిన్నబుచ్చుకునే రకం కాదు. అన్నీ కనబడేది అక్కడినుంచేనని నవ్వి, తన పనిలో తానుంటుంది.

అన్నీ కనబడతాయి, నిజమే. కనబడినవన్నీ చెప్పేయడమే ఆవిడ చేసిన తప్పు. కొత్తలో లెక్కల మాస్టారి తరగతిలో ఒక్క పీరియడ్ కూర్చుని, పద్నాలుగు లోపాలు రాసి, ముత్యాల్లాంటి అక్షరాలతో కాగితం మీద ఎక్కించి మరీ చేతికిచ్చింది. పంతొమ్మిదేళ్ళ సర్వీసున్న మనిషికి! ఆయన చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత రెండు నెలలు ఈవిడ ఎదురొస్తే అటు వరండాలోంచి వెళ్ళిపోయాడు. ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు?

ఈలోగా అర్ధ సంవత్సరం పరీక్షలు వచ్చాయి. పదో తరగతిలో సగం మంది లెక్కల్లో తప్పారు. హెడ్మాస్టరు ఇద్దర్నీ గదిలోకి పిలిచి, నాన్చకుండా చెప్పేశాడు. నెల తిరిగేసరికి తానే వచ్చి తరగతిలో కూర్చుంటాడట. మార్పు కనబడకపోతే పదో తరగతి ఇంకొకరికి ఇచ్చి, మాస్టారిని చిన్న తరగతులకు పంపేస్తాడట. మాస్టారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. పదో తరగతంటే ఆయనకు ప్రాణం. సెలవుల్లో కూడా వచ్చి ఊరికే చెప్పే మనిషి. పెళ్ళిళ్ళలో కనబడితే పాత పిల్లలు భోజనం మధ్యలో లేచి నిలబడతారు. అలాంటి మనిషి తలవంచుకుని బయటికి నడిచాడు.

ఆ మధ్యాహ్నమే స్టాఫ్‌రూమ్‌లో ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ కాగితం చింపేయండి మాస్టారూ, నాది పొరపాటే. ఇకనుంచి నేను ఒక్కటే చూస్తాను. ప్రశ్న అడిగాక మీరే జవాబు చెప్పేయకుండా ఎంతసేపు ఆగుతున్నారు, అంతే."

ఆయన ఆగుతూనే ఉన్నానన్నాడు. లేదని ఈవిడ. చివరికి ఆయనకు పంతం వచ్చింది. "అయితే ముందు మీరు చెప్పండి. నేను లెక్కపెడతా."

అదెంత భాగ్యం అనుకుని ఒప్పుకుంది. మర్నాడు మాస్టారు చివరి బెంచీలో మోకాళ్ళు ఇరుక్కుని కూర్చున్నాడు. ఈవిడ బోర్డు దగ్గర ధీమాగా నిలబడి, తన మానాన తాను గడగడా చెప్పుకుపోయింది. గంట కొట్టాక మాస్టారు కాగితం చూపించాడు. అడిగిన ప్రశ్నలు పదకొండు. వాటిలో ఎనిమిదింటికి ఆవిడే జవాబు చెప్పేసింది. అన్నిటికన్నా ఎక్కువ ఆగింది రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు! ఇంకొకరికి నీతులు చెప్పడానికి బయలుదేరిన మహాతల్లి తాను చేసిందీ అదే. సిగ్గుతో ఒక్క క్షణం చచ్చిపోయింది. తర్వాత నవ్వు ఆగలేదు. ఆయనా పడీ పడీ నవ్వాడు. రెండు నెలల బిగింపు అక్కడితో వదిలింది.

పద్ధతి ఇద్దరూ కలిసి కుదుర్చుకున్నారు. ప్రశ్న అడగాలి, సుద్దముక్క బల్లమీద పెట్టాలి, చేతులు వెనక్కి కట్టుకోవాలి, మనసులో ఏడు దాకా లెక్కపెట్టాలి. చెప్పుకోవడానికి ఇంతే. చేసి చూడండి తెలుస్తుంది! మొదటిరోజు ముందు బెంచీ పిల్లాడొకడు ఒంట్లో బాగాలేదా సార్ అని అడిగాడు. నాలుగు దాటితే గుండె దడదడలాడుతోందనీ, పాఠం మరిచిపోయాననుకుంటారేమోననీ మాస్టారు వాపోయాడు.

"నాలుగు దాకా వాళ్ళు మీ ముఖం చూస్తారు మాస్టారూ," అంది ఆవిడ. "మీరు చెప్పరని తేలాకే బోర్డు చూస్తారు."

ఆయన తలూపాడు. నెలంతా పట్టువదల్లేదు. కొన్నిరోజులు ఐదు దగ్గరే నోరు జారేవాడు. ఆవిడ ఏమీ అనేది కాదు, అంకె రాసి చూపించేది. అంతే.

హెడ్మాస్టరు రానే వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. మాస్టారు బోర్డు మీద గోడ గీసి, దానికి పదడుగుల నిచ్చెన ఆనించాడు. నిచ్చెన కింది కొసను గోడకు దూరంగా లాగితే పై కొస ఏమవుతుంది, ఎందుకు? సుద్దముక్క బల్లమీద పెట్టి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

చివరి బెంచీలో మేడమ్ మనసులో లెక్క మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. హెడ్మాస్టరు కదిలాడు. నాలుగు. ఆయనకిక ఊపిరాడలేదు. "కిందికి..." అని అందించబోయాడు.

"సార్, మీరు చెప్పకండి. పిల్లలు ఆలోచిస్తున్నారు," అన్నాడు మాస్టారు.

ఐదు. ఆరు. బడి తెరిచిన దగ్గర్నుంచి పెదవి విప్పని కిటికీ పక్క పిల్ల మెల్లగా లేచింది. "కిందికి జారుతుంది సార్. నిచ్చెన పొడవు మారదు కదా." కూర్చోబోయి మళ్ళీ ఆగింది. "కింద ఎంత లాగితే పైన అంతే దిగుతుందా సార్?"

మాస్టారు జవాబు చెప్పలేదు. మీరే చెప్పండని తరగతి వైపు తిరిగాడు. ఈసారి అటు నలుగురు, ఇటు ఇద్దరు నోటుపుస్తకాల్లో గోడలు గీయడం మొదలుపెట్టారు.

గంట కొట్టాక వరండాలో హెడ్మాస్టరు చేతులు నలుపుకున్నాడు. పదో తరగతి మాస్టారి దగ్గరే ఉంచమంటారా అని ఆవిడను అడిగాడు. జవాబు నాలుక చివరే ఉంది. అయినా ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని, ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఒకటి. రెండు.

"ఉంచుదాం లెండి," అన్నాడు హెడ్మాస్టరు.

మూడు దాకా కూడా ఆగలేకపోయాడు పాపం.