రెండు మీటర్లు, ఒకే పేరు

అద్దెకిచ్చిన ముందు గదిలో వెంకటక్క ఒక్క బల్బు కూడా వెలిగించుకోలేదు. ఆ గదిలో తిరిగిన మిషనుకూ, పగలూ రాత్రీ కాలిన లైట్లకూ ఆమెకూ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ బాకీ కింద కరెంటు తీసేసింది మాత్రం పెరట్లో ఉన్న, ఆమె పట్టుదారం తీసే చరకా షెడ్డుకు. తీసింది గిరి. ఆమె చేతి సంగటి ఎన్నోసార్లు తిన్న గిరి.

హిందూపురంలో ముసురు పట్టిన రోజులు. కాంట్రాక్టు లైన్‌మన్‌గా ఆ వీధులన్నీ గిరివే. అతను నిచ్చెన తెచ్చి స్తంభానికి ఆనిస్తూ ఉంటే వెంకటక్క షెడ్డులోంచి బయటికి వచ్చింది. పట్టుగూళ్ళు ఉడికే నీళ్ళలో నానీ నానీ ఆమె వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

"ఏమప్పా గిరీ, లైను యాడ పోయింది? మాకు బాగనే వస్తాండాది గదా."

"పోలేదక్కా. తీసేదానికి వచ్చినా."

ఆమె నవ్వింది. "తీస్తావులే. ముందు లోపలికి రా, కాఫీ పెడతా. వానకు నీ తలకాయ గిన తడిసిందా ఏమి?"

"నిజమేనక్కా. ముందు గది బాకీ ఉండాది. మహేష్ కట్టలేదు."

"మహేష్ కట్టకపోతే ఆ గదికి తియ్యి. బీగమేసి ఉండాది, ఎలకలు తప్ప అడిగేవాళ్ళు లేరు."

"ఆ గదికి ముందే తీసేసినాము. ఆ మీటరూ నీ పేరే, ఈ మీటరూ నీ పేరే. దానికి కట్టకపోతే దీనికి తీయమని ఆఫీసులో చెప్పినారు."

ఆమె నవ్వు ఆగిపోయింది. వెనక్కి తిరిగి షెడ్డు వైపు చూసింది. తట్టల నిండా పచ్చిగూళ్ళు. ముందురోజే మార్కెట్లో వేలం పాడి, సగం అప్పు చెప్పి తెచ్చినవి.

"గూళ్ళుండాయి గిరీ. పురుగు లోపల బతికే ఉండాది. రెండు దినాలు ఇయ్యప్పా. దారం తీసి అమ్ముకోని నేనే కట్టేస్తా. మహేష్‌ను కూడా అడగను."

"నా చేతుల్లో లేదక్కా."

పక్కింటి శ్యామలమ్మ గోడ మీద నుంచి అంతా వింటూనే ఉంది. "నీ చేతుల్లో కటింగ్ ప్లయరు ఉండాది గదా అబ్బీ! అవి ఎవరి చేతులు మరి?" అంది.

గిరి ప్లయరును నడుముకు దోపుకున్నాడు. నిచ్చెన ఎక్కాడు. వైరు తెగి గోడ మీద పడింది. షెడ్డులో చరకాలు తిప్పే మోటారు ఒక మూలుగు మూలిగి నిలబడిపోయింది. తన ఇంట్లోంచి వైరు లాగిస్తానని శ్యామలమ్మ అంటే, అట్లా చేస్తే ఇద్దరి మీదా కేసు పెడతారని నిచ్చెన మీద నుంచే చెప్పి, దిగి, వెంకటక్క ముఖం చూడకుండా బండెక్కి వెళ్ళిపోయాడు.

వెంకటక్కది గుడిబండ వైపు ఒక మెట్టపల్లె. గొర్రెలు కాచే ఇల్లు. భర్త నరసప్పతో హిందూపురం వచ్చి, ఇద్దరూ ఇంకొకరి షెడ్డులో గూళ్ళు ఉడకబెట్టే కూలికి కుదిరారు. మరుగుతున్న నీళ్ళలో గూటి దారం కొస వెతికి పట్టుకోవడం, నాలుగు గూళ్ళ కొసలు కలిపి ఒక పోగు చేసి చరకాకు అందించడం ఆమె అక్కడే నేర్చుకుంది. ఊళ్ళో మిగిలిన గొర్రెలన్నీ అమ్మి ఇంత స్థలం కొన్నారు. పెరట్లో రేకుల షెడ్డు, మధ్యలో ఉండే ఇల్లు, వీధి వైపు అద్దెకు ఒక గది. షెడ్డులోకి సొంత చరకాలు వచ్చిన రోజు నరసప్ప వీధి వీధంతా బొరుగులు పంచాడని చెబుతారు. ఆ తర్వాత అతను ఎక్కువ కాలం బతకలేదు. స్థలం ఎప్పుడూ ఆమె పేరు మీదే ఉండేది కాబట్టి రెండు మీటర్లూ ఆమె పేరు మీదే వచ్చాయి. ఆ సంగతి ఆమెకు గొప్పగా ఉండేది. "మా ఇంట్లో కరెంటు కూడా నా పేరుతోనే వస్తాది" అని నవ్వేది.

ఆమె ఎవరికీ యజమానురాలు కాదు. తాను కొస పట్టుకుంటుంది, కూలికి వచ్చే ఇంకొకతి చరకా దగ్గర నిలబడుతుంది, ఆ ఇంకొకతికి కూలి ఇచ్చేటప్పుడు తాను కూడా అంతే తీసుకుంటుంది. అయినా తెల్లవారి పొయ్యి ఎప్పుడు ముట్టించాలో, పని ఎప్పుడు ఆపాలో చెప్పేది ఆమే. ఇంకొకరి షెడ్డులో ఏళ్ళ తరబడి మేస్త్రీ కేకలు విన్న మనిషికి అది చిన్న సంగతి కాదు.

ముందు గదిలోకి మహేష్, ప్రశాంతి వచ్చారు. పెళ్ళయిన కొత్త. మహేష్ అప్పు చేసి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను కొన్నాడు, రవికల చేతుల మీద నెమళ్ళు కుట్టేది. పెళ్ళిళ్ళ కాలంలో ఆ మిషను ఆగింది లేదు. ఆషాఢం రాగానే నెమళ్ళు ఎవరికీ అక్కర్లేకుండా పోయాయి. అప్పుడు కరెంటు బిల్లు నిలబడింది.

ఇక్కడ గిరి పాత్ర ఉంది. బిల్లు కట్టని ఇళ్ళ పట్టీ అతని ఫోనుకే వస్తుంది. మొదటి నెల తీగ తీయడానికి వెళితే మహేష్ గుమ్మంలోనే చేతులు పట్టుకున్నాడు.

"అన్నా, అన్నా, ఇది ఆగితే నేను ఆగిపోతా. వచ్చే నెల రెండూ కలిపి కట్టేస్తా. అక్కకు మాత్రం చెప్పొద్దన్నా, ప్రశాంతి నీళ్ళోసుకోనుండాది."

ఇద్దరిదీ ఒకే ఈడు. ఇద్దరూ అప్పుల్లోనే ఉన్నారు. గిరి ఆ నెల నిచ్చెన తీయలేదు. తర్వాతి నెల కూడా తీయలేదు. ఆఫీసులో అడిగితే ఇంటికి బీగం వేసి ఉందని చెప్పాడు. అది పెద్ద మంచితనంగా అనిపించింది అతనికి. ఆ మంచితనం ఎవరి పేరు మీద రాసుకుంటున్నాడో ఆలోచించలేదు.

ఒక పొద్దున మహేష్ మిషను వ్యాను ఎక్కించాడు. ధర్మవరంలో చీరల అంగళ్ళ వాళ్ళు పని ఇస్తామన్నారట. ఇనుప బల్ల ఒకటి వ్యానులో పట్టలేదు, గది తాళం తన దగ్గరే పెట్టుకున్నాడు, వచ్చి తీసుకుపోతానన్నాడు. వెంకటక్క బిల్లు సంగతి అడగాలనుకుంది. అడగడానికే వీధిలోకి వచ్చింది. కానీ ప్రశాంతి ఆరో నెల కడుపుతో గుమ్మం దాటబోతోంది. కడుపుతో ఉన్న పిల్ల మన ఇంటి నుంచి పోతుంటే ఒడి నింపి పంపాలి. తాను భర్త పోయిన మనిషి కాబట్టి శ్యామలమ్మను పిలుచుకొచ్చింది. బియ్యం, కొబ్బరి గిన్నెలు, రవిక గుడ్డ అన్నీ తన ఇంట్లోవే, చేతులు మాత్రం శ్యామలమ్మవి. ఒడిబియ్యం పోసిన గడపలో నిలబడి దుడ్లు అడిగితే ఆ పిల్లకు మంచిది కాదని వెంకటక్క నోరు మూసుకుంది.

"బిల్లు అడుగు వెంకటక్కా, పోయినాక యాడ పట్టుకుంటావు?" అని శ్యామలమ్మ చెవిలో గొణిగింది.

"ఆడబిడ్డను పంపిస్తా ఎవరన్నా లెక్కలడుగుతారా? వాడే కట్టుంటాడులే. బల్ల కోసమన్నా వస్తాడు గదా."

మహేష్ బల్ల కోసం రాలేదు. కొత్త బిల్లులు తలుపు సందులోంచి గదిలోకి పడేవి. ఆమె ఒకరి తాళం పగలగొట్టే మనిషి కాదు. గిరి ఫోను చేస్తే మహేష్ రెండుసార్లు ఎత్తాడు, ఆ తర్వాత నంబరే లేకుండా పోయింది. అప్పుడు గానీ గిరికి భయం పుట్టలేదు. అప్పటికి ఆఫీసులో పై సారు బాకీల వసూలు మీద కూర్చున్నాడు. ఇన్ని నెలలు తీగ ఎందుకు తీయలేదని గిరినే నిలబెట్టి అడిగాడు. ఇప్పుడు తీయకపోతే నిన్నే తీసేస్తామన్నాడు. అందుకే ఆ ముసురులో నిచ్చెన మోసుకొచ్చాడు. మహేష్‌కు నెలలు ఇచ్చినవాడు వెంకటక్కకు రెండు రోజులు ఇవ్వలేకపోయాడు.

మరునాడు ఆమె బస్సెక్కి పెనుకొండలో కరెంటు ఆఫీసు పెద్దసారును చూడటానికి వెళ్ళింది. శ్యామలమ్మ తోడు వెళ్ళింది. సారు చెడ్డవాడేం కాదు, కుర్చీ వేయించి చెప్పాడు.

"చూడమ్మా, అద్దెకుండేటోడు ఎవరో మాకు తెలియదు. మీటరు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళను అడుగుతాము. గది ఖాళీ చేసే రోజు బిల్లు చూసుకోవాల్సింది నువ్వు."

"సార్, ఆ పిల్ల కడుపుతో ఉన్నింది."

సారుకు ఆ మాటకూ బిల్లుకూ లంకె అర్థం కాలేదు. ఆమె మళ్ళీ చెప్పబోయి మానుకుంది.

ఆదివారం గడిచింది. ఎండ కాస్తే గూళ్ళు పరిచి, పురుగు బయటికి రాకముందే చంపుకునేది, ఎండ లేదు. ఆవిరి పెట్టే వాళ్ళ గదులు ఆ ముసురుకు కిక్కిరిసి ఉన్నాయి, చిన్నవాళ్ళ వంతు ఎప్పటికో. చేత్తో తిప్పే పాత చరకాను మోటారు పెట్టిన కొత్తలోనే పాత ఇనుముకు వేసింది. అప్పు కోసం ఆమె తిరిగి తిరిగి, చివరికి గూళ్ళు అప్పుకిచ్చిన వ్యాపారి దగ్గరే ఇంకా తీసుకుని మొత్తం బాకీ కట్టింది. రసీదు పట్టుకుని గిరి పరుగున వచ్చి తీగ కలిపాడు. మోటారు తిరిగింది.

"అక్కా, వచ్చింది! చూడు!" అని అరిచాడు.

షెడ్డులోకి తొంగి చూశాడు. తట్టల మీద, గోడల మీద, చరకాల చట్రాల మీద, వెంకటక్క కొంగు మీద తెల్లటి రెక్కలు. ఎగరడం రాని రెక్కలు, ఊరికే వణుకుతున్నాయి. ఒక్కో పురుగు గూటికి కొనలో తడి చేసి, చిల్లి పెట్టుకుని బయటికి వచ్చేసింది. చిల్లి పడిన గూటిలో దారం ఎక్కడికక్కడ తెగిపోతుంది, దాన్ని తుక్కు కిందే తూస్తారు. ఇంకా తెరుచుకోని గూళ్ళను ఆమె ఒక్కొక్కటే ఏరి వేడినీళ్ళలో వేస్తోంది. అవి ఎన్నో లేవు.

"చక్కగుండాయి గదప్పా," అంది తల ఎత్తకుండా. "ఇన్నేళ్ళు చేస్తాండా, ఇవి బయటికొస్తే ఎట్లుంటాయో నేను చూడనే లేదు."

ఆ నెలలోనే వ్యాపారి మనుషులు వచ్చి అప్పు కింద చరకాలు విప్పుకుపోయారు. గిరి ఆ వీధికి రాకుండా తప్పించుకు తిరిగాడు. ఆ మనుషులు మోటారు మోసుకుపోతూ తన ఇంటి ముందు సేద తీరారని శ్యామలమ్మే అతనికి కావాలని చెప్పింది.

గిరి ఒక సెలవు రోజు ధర్మవరం వెళ్ళాడు. మగ్గాల చప్పుడు వినబడే వీధులన్నీ తిరిగి ఎంబ్రాయిడరీ మహేష్ ఇల్లు పట్టుకున్నాడు. తలుపు తీసింది ప్రశాంతి. చంకలో పాప.

"గిరన్నా! రాన్నా, రా. వెంకటక్క పంపిచ్చిందా? అక్క బాగుండాదా? ఈయప్పను ఎన్నిసార్లు అడిగినా, నన్ను ఒకసారి తీసకపొమ్మని. పాపను చూపియ్యాల. అక్క పెట్టిన రవిక గుడ్డతోనే దీనికి గౌను కుట్టినా."

గిరి గుమ్మం బయటే ఆగాడు. మహేష్ వచ్చి అతన్ని వీధి చివరిదాకా నడిపించుకుపోయాడు.

"దానికి తెల్దన్నా. బిల్లు కట్టినానని చెప్పినా."

"అక్క చరకాలు పోయినాయి మహేష్."

"నా మిషను కూడా ఫైనాన్సోళ్ళు ఎత్తకపోయినారు. ఇప్పుడు కూలికి కుడతాండా. అక్కను ముంచాలని నేనెప్పుడూ అనుకోలేదన్నా."

"ఎవురూ అనుకోరులే."

"ఒక మాటంటా, కోపం చేసుకోవద్దు. మొదటి నెలనే నువ్వు తీగ తీసేసుంటే, నేను అప్పుడే గది ఖాళీ చేసేవాణ్ణి గదా. అంత బాకీ అయ్యేదే కాదు."

గిరి చెయ్యి లేచింది. లేచిన చెయ్యి జేబులోకి పోయింది. వాడు చెప్పింది తప్పయితే కొట్టేవాడే. బస్సు పెనుకొండ దాటేదాకా ఆ మాటకు ఒక జవాబు వెతుకుతూనే ఉన్నాడు.

తర్వాత అతను ఆ పని మానేశాడు, పుట్టపర్తిలో ఒక ఆసుపత్రి జనరేటరు చూసుకునే పనిలో చేరాడు. చివరిసారి వెంకటక్కను చూసింది ఈ ఏడు ఎండాకాలంలో, హిందూపురంలో, గూళ్ళ మార్కెట్ దగ్గరి ఒక పెద్ద షెడ్డు ముందు. మిట్టమధ్యాహ్నం. కూలి ఆడవాళ్ళు వరసగా అరుగు మీద కూర్చుని ఆకూ వక్కా వేసుకుంటున్నారు. వాళ్ళ మధ్యలో ఆమె.

"ఏమప్పా గిరీ! చిక్కిపోయినావే. పెండ్లాం సంగటి పెట్టదా?"

"కరెంటు గిరి అంటివే, ఈయప్పేనా?" అంది పక్కనున్నామె. అందరూ గిరిని తలా కాళ్ళూ చూశారు.

ఆమె అరుగు మీద జరిగి చోటిచ్చింది. ధర్మవరం పోయిన సంగతి, పాప సంగతి గిరి చెప్పాడు. "ఆడపిల్లనా! సుఖంగా కాన్పయిందా?" అని అడిగింది గానీ మహేష్ ఊసెత్తలేదు. తన తప్పు చెప్పుకోవాలని గిరి అక్కా అని రెండుసార్లు మొదలుపెట్టాడు. రెండుసార్లూ ఆమె ఆకుకు సున్నం రాస్తూ వేరే మాట ఎత్తుకుంది. చివరికి ఏం అడగాలో తెలియక, ఈ వేళప్పుడు పని ఎందుకు ఆగిందక్కా అన్నాడు.

"కరెంటు పోయిందప్పా," అంది వెంకటక్క. "పోతే మాకు సంబరమే. ఇట్లా నీడన కూర్చుంటాం. గూళ్ళు ఎవరివో, బిల్లు ఎవరిదో, ఇప్పుడు నాకేల చెప్పు?"