పగటిపూట చెప్పిన కథ

నా చిన్నప్పుడు పగటిపూట కథ చెప్పమని అడిగితే మా జేజి కొట్టడానికి వచ్చేది. నాన్నమ్మను మా వైపు జేజి అంటాం. పగలు కథ చెబితే దోవన పోయేవాళ్ళు దారి తప్పుతారని ఆమె నమ్మకం. అక్షరం ముక్క రాదు కానీ పొద్దుగూకాక నోరు తెరిస్తే కథే. ఒకటే షరతు, వినేవాళ్ళు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిందంటే కథ ఆగినట్టే, కాళ్ళు పట్టుకున్నా మళ్ళీ మొదలయ్యేది కాదు. అంత మొండి మనిషి. ఆ మొండితనం నాకూ వచ్చిందని మా ఇంట్లో అంటారు, అననీ.

అలాంటి జేజి ఒకనాడు మిట్టమధ్యాహ్నం కథ చెప్పింది.

ఓట్లు ముగిసిన మరుసటి రోజది. జమ్మలమడుగుకూ ముద్దనూరుకూ నడుమ మా పల్లె. ఊళ్ళో రెండు పార్టీలు, రెండు వీధులు. ఆ వీధి బావిలో ఈ వీధి బిందె మునిగేది కాదు. మా చిన్నాయన, అంటే జేజి చిన్న కొడుకు, పోలింగ్ బూత్‌లో మా పార్టీ ఏజెంటుగా కూర్చున్నాడు. అవతలి పార్టీవాడు దొంగ ఓటు వేయబోతే అందరి ముందూ చెయ్యి పట్టుకుని ఆపాడు. సాయంత్రం ఓట్ల పెట్టెల వెంట జమ్మలమడుగు పోయాడు. మర్నాడు మధ్యాహ్నం బస్సుకు తిరిగి వచ్చి, ఊరి బయట వాగు వంక దగ్గర దిగాలి.

పదకొండు గంటలప్పుడు పక్కింటి అక్క పెరటి దోవన జేజి దగ్గరకు పరుగెత్తుకుంటూ వచ్చింది. "పెద్దమ్మా, వంకకాడ కంపచెట్ల చాటున వాళ్ళు కూసోని ఉండారు. కొడవండ్లు ఉండాయి, బకెట్లో బాంబులు ఉండాయి. చిన్నోడు బస్సు దిగేది ఆడే గదా!"

మా నాయన గొర్రెలను తోలుకుని కొండకు పోయి రెండు రోజులైంది. కబురు పంపడానికి మగమనిషి లేడు. ఉన్నా వీధి దాటనిచ్చేవాళ్ళు కాదు. అమ్మ గడప మీద కూలబడి ఏడుపు మొదలుపెట్టింది. జేజి మాత్రం తలుపు గడియ వేసి, నన్నూ తమ్ముణ్ణీ గాదె పక్కకు లాక్కుని కూర్చుంది. కథ చెప్తా, ఊఁ కొట్టండి అంది.

నేను ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. "వద్దు జేజీ! చిన్నాయన దారి తప్పుతాడు."

"తప్పనీ మే. ఈ పొద్దు దారి తప్పితేనే వాడు బతికేది. కొట్టు, ఊఁ కొట్టు."

ఆ కథ నాకు తెలిసిందే. ఒక ముసలమ్మ కూతురి ఊరికి పోతూ ఉంటుంది. కొండ ఒకటి అడ్డం నిలబడి, కథ చెప్పి పో అంటుంది. చెబితే పక్కకు జరుగుతుంది. ఎప్పుడూ మూడు కొండలే, నాలుగోది లేదు. ఆ రోజు మూడో కొండ దాటాక నాలుగోది వచ్చింది, ఐదోది వచ్చింది. కథ అయిపోతే చిన్నాయనకు దారి దొరికిపోతుందని నాకు భయం పట్టుకుంది. ఒక్క ఊఁ కూడా తప్పకుండా కొడుతూ కూర్చున్నాను.

ఇంతలో బస్సు హారన్ వినిపించింది. జేజి మాట ఆగిపోయింది. పెద్దవాళ్ళకు భయం ఉండదని అంతవరకూ అనుకున్నాను. ఆమె పెదవులు వణకడం చూశాక నాకు ఏడుపు కూడా రాలేదు. ఏం చెయ్యాలో తోచక "ఊఁ" అన్నాను. ఆమె మోకాలు పట్టి ఊపాను. "ఊఁ, జేజీ!" అని అరిచాను. ఆమె నా మొహంలోకి చూసింది. "ఇంగో కొండ అడ్డమొచ్చె" అంది.

బస్సు వంక దగ్గర ఆగిందో లేదో మాకు తెలియలేదు. బాంబు చప్పుడైతే వినపడలేదు. చప్పుడు చెయ్యని కొడవళ్ళు కూడా ఉన్నాయి కదా అని ఎవరమూ పైకి అనలేదు. తమ్ముడు నిద్రపోయాడు. నా గొంతు ఎండిపోయింది. ముసలమ్మకు కొండలు అడ్డం వస్తూనే ఉన్నాయి.

పొద్దుగూకే వేళకు దొడ్డి తలుపు కదిలింది. అమ్మ రోకలి అందుకుంది. "నేనే వదినా" అని చిన్నాయన గొంతు. పాదాల నిండా పల్లేరు ముళ్ళు. జేజి లేచి వెళ్ళి చెంప మీద ఒక్కటిచ్చింది.

"యాడ సచ్చినావురా ఇంతసేపు?"

"రెండు రాత్రుళ్ళు కన్ను మూయలేదు మా. బస్సులో నిద్దరపోతి. ముద్దనూరులో కండక్టరు లేపితే లేస్తి. వంకకాడ వాళ్ళుండారని ఆడ మనోళ్ళు చెప్తే, చేలకడ్డం పడి నడిచొస్తి."

దిగేవాళ్ళు లేరని బస్సు వంక దగ్గర ఆగనే లేదు. జేజి కొడుకు కాళ్ళ దగ్గర కూర్చుని ముళ్ళు తీస్తూ నవ్వింది, ఆ నవ్వులోనే వెక్కి వెక్కి ఏడ్చింది. చిన్నాయన మళ్ళీ ఏజెంటుగా కూర్చోలేదు. కూర్చోనిస్తే కదా మా జేజి! ఆయనను కాపాడింది నిద్రో, కథో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. తేల్చుకోను కూడా.

మర్నాడు లెక్కల నోటుబుక్కు చివరి పేజీల్లో ఆ కథ రాయడం మొదలుపెట్టాను. బడికోసం కాకుండా నాకోసం నేను రాసుకున్న మొదటి రాత అదే. మూడో కొండ దాకా రాసి, ఇంకా ఎన్ని రాయాలని జేజిని అడిగాను. చేటలో కొర్రలు చెరుగుతూ, తల ఎత్తకుండానే "మనోడు ఇల్లు చేరేదాంక" అంది.

ఇన్నేళ్ళు గడిచాయి, జేజి లేదు, చిన్నాయనా లేడు. ఇప్పుడు మనవరాలు ప్రొద్దుటూరు కాలేజీ నుంచి రావడం ఆలస్యమై ఫోన్ ఎత్తకపోతే, నేను నోటుబుక్కు తెరుస్తాను. పగలా రాత్రా అని చూడను. ముసలమ్మ ముందు ఇంకో కొండ నిలబెట్టి, ఊఁ కూడా నేనే కొట్టుకుంటాను. పిల్ల వచ్చి గేటు తీసిన చప్పుడు వినబడేదాకా, ముసలమ్మను కూతురి ఊరు చేరనివ్వను.