మా టీముల పేషెంటును నేనే

ఆగుండ్రి, ఆగుండ్రి! పోటీల కప్పు మందమర్రి బాయోళ్ళకు ఎట్ల పోయిందో నేను చెప్త. మొన్న ఐతారం సంది ఈ క్యాంటీన్ల ఎవని నోటికి ఏదొస్తె గది చెప్తుండ్రు. ఒకడంటడు, నేను స్ట్రెచర్ మీదికెల్లి లేసి ఉరికిననట. ఇంకొకడంటడు, జడ్జి చేతుల ప్లేటు గుంజుకున్ననట. అంతా అబద్ధం! నేను లేవనే లేదు. పండుకున్నకాడికెల్లే ఆగం చేసిన.

ముందుగాల చాయ్ చెప్పుండ్రి. నాకు శక్కెర జర ఎక్కువ. ఇగ దాచుకునేదేమున్నది?

కొత్తోళ్ళు ఉన్నరు కాబట్టి మొదటికెల్లి చెప్త. ఏటా మన బొగ్గుబాయిలకు ఫస్ట్ ఎయిడ్ పోటీలు పెడతరు గద. బాయికో టీము. కెప్టెన్ ఒకడు, స్ట్రెచర్ మోసేటోళ్ళు నలుగురు, దెబ్బలు తాకినట్టు పండుకునే పేషెంటు ఒకడు. మా కెప్టెన్ శామ్యేలు, బాయిల షిఫ్టు సర్దార్. ఐతారం చర్చిల పాట పాడినా, బాయిల కట్టు కట్టినా ఆయనకు ఇంచు తప్పు పోవద్దు. ఇగ పేషెంటును నేను. మూడేండ్ల సంది నేనే.

నవ్వకుండ్రి! గది అల్కటి పనేం కాదు. విరిగింది కుడికాలా ఎడమకాలా యాదుంచుకోవాలె. ఎప్పుడు మూల్గాలె, ఎంత మూల్గాలె, ఎప్పుడు కండ్లు తేలెయ్యాలె, అన్నిటికి లెక్కున్నది. పోయినేడు నా మూల్గు విని పక్క టీము కెప్టెన్ వాని పేషెంటును ఇడిసిపెట్టి నా దగ్గరికి ఉరికొచ్చిండు. నా డ్యూటీ హాలర్ ఇంజన్ మీద. కూసుండి, తాడుతోని బొగ్గు టబ్బులు పైకి గుంజుడు. గంట కొడితె గుంజాలె, గంట కొడితె ఆపాలె. హాలర్ రాజన్న అంటె ఎవడన్న ఆగి చూస్తడా? గదే పోటీల గ్రౌండుల, సున్నపు గీతల నడుమ పండుకుంటె ఊరంత నన్నే చూస్తది. గందుకే నాకు గా పనంటే పాణం.

బరువు ఎందుకు పెరిగిందంటరా? గదే పని తోని పెరిగింది. దెబ్బ తాకినోనికి షాక్ తగుల్తదట. గప్పుడు రగ్గు కప్పి, శక్కెర ఎక్కువేసిన వేడి చాయ్ తాపాలెనని శామ్యేలన్న బుక్కుల ఉన్నది. ప్రాక్టీసుల కాలు విరిగినా చాయే, చెయ్యి విరిగినా చాయే. చాయ్‌తోని క్యాంటీనోళ్ళు రెండు బన్నులు గూడ పంపుతుండె. పొద్దుగాలోసారి, మాపటికోసారి నా బొక్కలు విరుగుతనే ఉండె. నేను తాగుతనే ఉంటి.

నెలకింద ఒకరోజు నన్ను స్ట్రెచర్ మీద పెట్టి లేపంగనే వెనుక కర్ర పట్టుకున్న కొమురయ్య ఓ కేక పెట్టి నన్ను కింద కుదేసిండు.

“శామ్యేలన్నా, గీయన్ని మోసుడు నాతోని కాదే! నా నడుము పోతె నన్నెవడు మోస్తడు?” అన్నడు.

శామ్యేలన్న నా దిక్కు చూసిండు. నా పొట్ట దిక్కు చూసిండు. గది రగ్గు కింద గుడారం లెక్క లేసి ఉన్నది.

“రాజన్నా, పోటీలకు ఇంక నాలుగు వారాలున్నయి. తగ్గినవా, పేషెంటువు నువ్వే. తగ్గలేదా, ఓదెలును పండుకోబెడత” అన్నడు.

ఓదెలా! బాయిల దుంగలు మోసే ఓదెలు. గాలికి పోయేటట్టుంటడు. వాడు మూల్గితె దోమ అనుకోని కొడతరు. నా జాగల గానిని పండుకోబెడతరా! నాకు పాణం చివుక్కుమన్నది. ఆ మాపటీలే ఇంటికి పోయి మా లచ్చమ్మ తోని చెప్పిన: “రేపటికెల్లి నాకు బువ్వ సగమే పెట్టు. సగం అంటె సగమే. నేను ఏడ్చినా పెట్టకు.”

మొదటి రోజు ఏం జోషో! డ్యూటీ దిగి క్వార్టరుకు పోకుండ సీదా గోదారి గడ్డ దాక నడిచిన. చెమటలు కారినయి, సంబురమైంది. కానీ మల్ల అంతే దూరం వాపస్ నడవాలెనని పోయినంక గద యాదికొచ్చింది. బొగ్గు లారీ ఎక్కి వచ్చిన. రెండో రోజు జొన్నగట్క, పచ్చిపులుసు. బాగనే ఉన్నది. మూడో రోజు గూడ గదే. నాలుగో రోజు పక్క క్వార్టరోళ్ళు గారెలు వండిండ్రు. మన క్వార్టర్ల నడుమ గోడ ఉన్నదంటరు గని, గది వాసనకు ఉన్నదా? నేను గోడకు ముక్కు ఆనిచ్చి నిలబడ్డ. లచ్చమ్మ వచ్చి రెక్క పట్టి గుంజుకపోయింది.

తగ్గుతున్ననా లేదా ఎట్ల తెలవాలె? కాంటా ఎక్కుదమంటె రేషన్ దుకాణంల నలుగురు నవ్వుతరు. లచ్చమ్మకే ఉపాయం తట్టింది. పాత మొలతాడు తెంపేసి కొత్త ఎర్ర మొలతాడు కట్టింది, ఒంటికి ఆనేటట్టు. కొసలు జర పొడుగు ఉంచింది. “వారానికోసారి దీంట్ల వేలు పెట్టి చూసుకో. వేలు పట్టిందంటె తగ్గినవన్నట్టు” అన్నది.

మొదటి వారం అయినంక చూసుకున్న. వేలు కాదు గద, గోరు గూడ పోలేదు! ఏడు రోజులు గట్క మింగితె గిదా ఫలితం! అర్రల కూసున్న. “ఓదెలునే పండుకోమను. నా నసీబుల లేదు. రేపటికెల్లి మామూలు బువ్వే పెట్టు” అన్న. నిజం చెప్తున్న, కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. లచ్చమ్మేమో “ఇప్పుడైతె పండుకో, పొద్దుగాల చూద్దం” అన్నది.

పొద్దుగాల లేసి చూసుకుంటె... వేలు పట్టింది!

ఎగిరిన! గట్క తెల్లారి పని చేస్తదేమో అనుకున్న. ఇగ నన్ను పట్టేటోడు లేడు. తర్వాతి వారం రెండు వేళ్ళు పట్టినయి. ఆ తర్వాత చెయ్యే పోయింది! గీ క్యాంటీన్లనే, గీ బల్ల మీద ఎక్కి అంగీ లేపి చూపెట్టిన. యాదున్నదా? మీరే గద చప్పట్లు కొట్టింది. “పట్టుదల ఉండాలె తమ్మీ, నాలిక మన మాట వినాలె” అని అందరికి చెప్పుకుంట తిరిగిన. రెండు వేళ్ళు పట్టిననాడు, గంత కష్టపడి తగ్గినోడు నాలుగు మిర్చీలు తింటె ఏమైతదని తిన్న. చెయ్యి పట్టిననాడు పూరీలు తిన్న. తిన్నా తగ్గుతనే ఉంటి! నా ఒంటికి నేనే దండం పెట్టుకున్న.

పోటీ ఇంక మూడు రోజులు ఉన్నదనంగ ఆఖరి ప్రాక్టీసు. “లేపుండ్రి ఇగ, పువ్వు లెక్క లేస్త” అని చెప్పి పండుకున్న. లేపిండ్రు. కర్ర కిర్రుమన్నది. కొమురయ్య మొహం ఎర్రగై, నీలమై, మల్ల నల్లగైంది.

“శామ్యేలన్నా! గీయన ఇంక బరువైండే!”

“ఏం మాట్లాడుతున్నవ్ కొమురా?” నాకు కోపమొచ్చింది. అంగీ లేపి మొలతాడు గుంజి చూపెట్టిన. “చూడు! చెయ్యి పడుతుంది! గిదేం అబద్ధం చెప్తదా?”

శామ్యేలన్న దగ్గరికొచ్చి వంగిండు. కట్లు, ముడులు ఆయన పని గద. మొలతాడు వేళ్ళతోని తిప్పి తిప్పి చూసిండు.

“రాజన్నా, నీ మొలతాడు బొగ్గుకు మసిబారింది. కానీ ముడి పక్కన గీడోటి, గీడోటి, గీడోటి... మూడు జాగల ఎర్రగ ఉన్నది. గవి పాత ముడులున్న జాగలు. ఎవరో మూడుసార్లు ఇప్పి, వదులు చేసి కట్టిండ్రు” అన్నడు.

ఓదెలు గాడు కిసుక్కుమన్నడు. నేను సీదా ఇంటి తొవ్వ పట్టిన.

లచ్చమ్మ కుంపటి ముందల కూసుండి విసురుతుంది. “ఏమే, నా మొలతాడు ఇప్పినవా?” అని గట్టిగనే అడిగిన. ఆమె తలకాయ వంచుకున్నది.

“ఇప్పిన. ఏం చెయ్యమంటవ్? వారం రోజులు నోరు కట్టుకుంటివి. వేలు పట్టలేదని పసిపోరని లెక్క ఏడుస్తివి. నా పాణం ఉసూరుమన్నది. నువ్వు నిద్రపోయినంక జర వదులు చేసిన. సంబురంతోని ఇంక గట్టిగ ఉంటవనుకున్న. నువ్వేమో సంబురానికి మిర్చీలు తింటివి!”

కోపం ఆమె మీద చూపెడదమంటె మిర్చీలు తిన్న నోరు నాది. నవ్వాల్నో ఏడ్వాల్నో తెలవక ఆమె పక్కకే కూసున్న. “మూడు రోజులున్నయి గద. తగ్గుత. నాకేం పెట్టకు” అన్న.

“ఏం పెట్టకుంటె ఎట్లయ్యా? పడిపోతవ్” అన్నది.

“పడితె మంచిదే గద! పేషెంటునే నాయె!”

మూడు రోజులు పల్చని సల్ల, మంచినీళ్ళు. గంతే. ఐతారం పొద్దుగాల గవి గూడ ముట్టలే. అందరం రామగుండం టేషన్ల పాసింజర్ ఎక్కినం. గోదారి బ్రిడ్జి దాటుతుంటె అందరు పైసలు ఏసి మొక్కుకుంటుండ్రు. నేను కొమురయ్య సద్దిమూట దిక్కు చూస్తున్న.

మంచిర్యాల గ్రౌండుల దిగంగనే మొదలు వాసన కొట్టింది. పోటీలైనంక అందరికి బువ్వ పెడతరు గద, గుడారం వెనుక మటన్, బగారన్నం వండుతుండ్రు. గాలి సక్కగ మా దిక్కే వస్తుంది! కడుపుల ఎలుకలు ఉరుకుడు మొదలువెట్టినయి.

మా నంబర్ వచ్చింది. శామ్యేలన్న చీటీ సదివిండు: బాయిల పైకప్పు కూలి మీద పడ్డది, కుడి తొడ విరిగింది, మనిషికి స్పృహ లేదు. స్పృహ లేదంటె మూల్గుడు గూడ లేదు. ఉత్తగ పండుకునుడే. ఇంతకంటె అల్కటి పేషెంటు ఎప్పుడన్న దొరుకుతదా?

ఏం చేసిండ్రు మావోళ్ళు! ఊపిరి చూసిండ్రు, నాడి చూసిండ్రు, తొడకు బద్దలు పెట్టి ముడులేసిండ్రు. ఇగ లేపుడు. శామ్యేలన్న ఒకటి రెండు మూడు అన్నడు. సర్రున లేసిన! కర్ర కిర్రుమనలే. కొమురయ్య నా చెవుల మెల్లగ, “అబ్బా రాజన్నా, సాబాష్! పువ్వే లెక్కున్నవ్” అన్నడు. నాకు ఎంత సంబురమైందో చెప్పలేను. మూడు రోజుల ఆకలి మరిచిపోయిన. నా పని నాకే ఉన్నది, ఓదెలు గాడు గాలికి పోయిండు అనుకున్న.

గప్పుడే జడ్జి వచ్చిండు. మంచిగ లావుగున్న డాక్టరు సాబు. నా నెత్తి కాడ నిలబడ్డడు, రెప్పల సందుకెల్లి చూసిన. ఆయనెంబడే ఒకడు పళ్ళెం పట్టుకొచ్చిండు. పళ్ళెంల చాయ్. చాయ్ పక్కన వేడి వేడి మిర్చీలు! సక్కగ నా ముక్కు మీద!

కడుపు గుర్రుమన్నది. మెల్లగ కాదు. హాలర్ ఇంజన్ లేసినట్టే.

“ఏమిటా శబ్దం?” అని డాక్టరు సాబు అడిగిండు.

“లోపటి దెబ్బలు ఉన్నట్టున్నయి సార్, జర జాగ్రత్తగ చూస్తున్నం” అన్నడు శామ్యేలన్న. ఎంత తెలివో చూడుండ్రి!

“గుడ్. ఆఖరి ప్రశ్న. ఇతనికి తాగడానికి ఏమిస్తారు?”

“ఏం ఇయ్యం సార్. స్పృహ లేనోని నోట్ల సుక్క గూడ పొయ్యద్దు.”

కరెక్టు జవాబు. నాకు తెల్సు కరెక్టని. మూడేండ్లు విన్న. కానీ గా మాట చెవుల పడంగనే, మూడు రోజుల సంది ఎండిన నా నోరు ఉందే... నన్నడగలేదు.

“గదేంది శామ్యేలన్నా! రోజూ పోస్తవ్ గద! ఇయ్యాల సుక్కన్న పొయ్యవా?”

నేను కండ్లు గట్టిగ మూసుకునే ఉన్న. గదొక్కటే నేను చేసిన మంచి పని.

డాక్టరు సాబు పెన్ను తీసిండు. “కెప్టెన్, మీ పేషెంటుకు స్పృహ వచ్చింది. ఇప్పుడేం చేస్తారు?”

శామ్యేలన్న పండ్లు కొరుకుతున్న సప్పుడు నాకు వినబడ్డది. “ఇప్పుడేం చెయ్యాలెనో బుక్కుల లేదు సార్. మా పద్ధతిల చేస్తం” అన్నడు.

గప్పుడు చూడాలె జనం నవ్వుడు! చప్పట్లు, ఈలలు. మార్కులు పోయినయి, కప్పు పోయింది. ఇంక వినుండ్రి, అసలు దెబ్బ ముందున్నది. మా ఎనక మందమర్రోళ్ళు వచ్చిండ్రు. వాళ్ళ పేషెంటును చూసి నాకు దిమ్మ తిరిగింది. నాకు ఒకటిన్నర ఉంటడు! నలుగురు వంగి, మెల్లగ, మెల్లగ, పాణం బిగబట్టి లేపిండ్రు. డాక్టరు సాబు మైకుల ఏమన్నడో ఎరికేనా? “ఇంత బరువైన మనిషిని చిన్న కుదుపు లేకుండా ఎత్తారు. తేలికైన మనిషిని ఎవరైనా ఎత్తుతారు. ఇదీ పనితనమంటే!” కప్పు వాళ్ళకే ఇచ్చిండు.

శామ్యేలన్న తిట్టలే. తిట్టినా బాగుండు. కట్లు మడత పెట్టుకుంట, “వచ్చే ఏడు ఓదెలు పండుకుంటడు. నువ్వు కొమురయ్య జాగల కర్ర పట్టు రాజన్నా” అన్నడు. గంతే. నేను తలకాయ ఊపిన. మూడేండ్ల పేషెంటుగిరి గా సున్నపు గీతల నడుమనే పోయింది.

బాధల ఉన్నోడు ఏం చేస్తడు? గుడారం వెనుకకు పోయిన. ఇస్తరి ముందల కూసున్న. బగారన్నం, మటన్. మల్ల బగారన్నం, మల్ల మటన్. మూడోసారి ఏయించుకుంటుంటె పక్కకు ఒకడొచ్చి ధబ్బుమని కూసున్నడు. చూస్తె మందమర్రి పేషెంటు! ఒళ్ళె కప్పు ఉన్నది, మొహంల మాత్రం దిగులు.

“అన్నా, ఏమనుకోకు, ఒక్కటి అడుగుత. నిన్ను పువ్వు లెక్క లేపిండ్రు గద, నేను చూసిన. మా ఇంటామె నన్ను తగ్గుమని పాణం తీస్తుంది. ఒక వారం ఉంట, మల్ల మొదటికే వస్త. నువ్వెట్ల తగ్గినవే?” అన్నడు.

నోట్ల మటన్ బొక్క ఉండె. చీకుడు ఆపి, పక్కన పెట్టి, ఆయన బుజం మీద చెయ్యేసిన.

“ఏం లేదు తమ్మీ, నాలిక మన మాట వినాలె” అన్న.