గాజు బీరువాలో గంగులమ్మ చీర

మా చెల్లెలు గంగులమ్మ మొదటి గెలుపు, ఆడది కూర్చోకూడదన్న మగ్గం మీద కూర్చుని పట్టుచీర నేసి దించడం. అప్పటికి ఆమెకు పదిహేనేళ్ళు. మా నగరి వీధిలో ఆడవాళ్ళు కండెలు చుట్టాలి, ఆసు పోయాలి. మగ్గం కింది గుంతలో కాళ్ళు పెట్టుకుని, పేక పోగుతో నాడె విసరడం మగవాళ్ళ పని. పైగా ఆమెది ఎడమచేతి వాటం. మా నాయన మూడుసార్లు మగ్గం మీద నుంచి లేపి పంపేశాడు. నాలుగోసారి ఆయన చలిజ్వరంతో మంచం పట్టాడు. ఆయన లేచేలోగా ఈమె పద్దెనిమిది రోజుల్లో చీర పూర్తి చేసింది. నాయన దాన్ని వాకిట్లో వెలుగుకు పట్టి చూశాడు. ఒక్క తప్పూ దొరక్క, "సరే, కూర్చో" అన్నాడు. మా వంశంలో అంతకు మించిన బిరుదు ఎవరికీ రాలేదు. నేను ఈ వీధిలో ఐదో తరగతి పాసయిన మొదటివాణ్ణి. చేనేత సంఘానికి పదకొండేళ్ళు కార్యదర్శిగా ఉన్నాను, వీధికి కరెంటు తెప్పించాను. ఆ రెండు మాటలు మాత్రం నాకు దక్కలేదు.

ఇక్కడి నుంచి చెప్పేది వీధిలో పెద్దవాళ్ళకు తెలిసిందే. తెలిసీ పన్నెండేళ్ళుగా నోరు మెదపలేదు గనక రాస్తున్నాను.

అప్పట్లో మా వీధిలో నలభై ఇళ్ళు కంచిలోని ఒక పెద్ద అంగడి యజమాని, మేం ముదలాళి అనే ఆయన, ఇచ్చే పట్టుతోనే బతికేవి. ఆయన ఏజెంటు వచ్చి పడుగు ఇచ్చేవాడు, నేసిన చీరలు పట్టుకుపోయేవాడు. 1971లో గంగులమ్మ అరక్కు రంగు, అంటే లక్క ఎరుపు, చీర ఒకటి మొదలుపెట్టింది. ఆకుపచ్చ అంచు, అంచు నిండా జరీ హంసలు. బొమ్మ తీసే దారాలు కట్టేటప్పుడు ఎడమచేతి వాటం వల్ల ఒక పక్క తిరగబడింది. కుడి అంచులో హంసలన్నీ మెడ తిప్పి వెనక్కి చూశాయి. ఆమె గమనించేసరికి రెండు మూరలు నేత అయిపోయింది. విప్పెయ్యమని ఆమె భర్త తులసీరాం అన్నాడు. ఆమె విప్పలేదు. జోడు వస్తా ఉండాదా లేదా అని చూస్తున్నాయి, చూడనీ అంది.

మాలో ఇంకో ఆచారం ఉంది. చీర ఎంత బాగా కుదిరితే దిష్టి అంత తగులుతుందని కొంగు చివర ఒక నల్లనూలు పోగు వేసి మడిచి కుట్టేస్తాం. ఎవరింటి ముడులు వారివి. మా ఇంటివి మూడు. ఆ రోజు నల్లనూలు అయిపోయింది. గంగులమ్మ కూతురు దేవకి ఎనిమిదేళ్ళ పిల్ల, పక్కనే కూర్చుని బడికి పోవడానికి జడ వేసుకుంటోంది. దాని ఊదారంగు నైలాను రిబ్బను అంచు నుంచి రెండు పోగులు లాగి, చీర రెండు కొసల్లోనూ మూడేసి ముడులు వేసింది తల్లి.

ఏజెంటు ఆ చీరనూ, దానితోపాటు ఇంకో మామూలు చీరనూ తన చేత్తో తీసుకుపోయాడు. వారానికి కంచి నుంచి కబురొచ్చింది: అందింది ఒకటే. ఏజెంటు కర్పూరం వెలిగించి, తనకు ఇచ్చింది ఒకటేనని ప్రమాణం చేశాడు. ముదలాళి స్వయంగా కారులో వచ్చి మా పంచాయతీలో కూర్చున్నాడు. దొంగ మగ్గం ఆగకపోతే ఈ వీధికి ఇక పడుగే రాదన్నాడు. నలభై ఇళ్ళ పొయ్యిలు ఒకవైపు, గంగులమ్మ మాట ఒకవైపు. పెద్దమనుషులు ఐదుగురం తేల్చాం, ఆమె మగ్గం గుంత పూడ్చెయ్యాలని.

ఐదుగురం అని ఊరికే అనలేదు. అందులో నేనొకణ్ణి. తోడబుట్టినవాడివి గనక మొదట నువ్వే పోయాలన్నారు. మొదటి గంప మన్ను నేనే పోశాను.

గంగులమ్మ ఏడవలేదు. గడప మీద నిలబడి, ముదలాళి కేసి చూసి ఒక్క మాటంది.

"పూడ్పించినోడే వచ్చి తవ్వాల."

ఆయన నవ్వాడు. ఆయన నవ్వితే వీధిలో చాలామంది నవ్వారు. వాళ్ళ పేర్లు నాకు తెలుసు.

గంగులమ్మ కుటుంబం తిరుపతి చేరింది. తులసీరాం ఒక సత్రంలో కాపలా పనికి కుదిరి, ఐదేళ్ళకు దొంగదాని మొగుడనిపించుకునే చనిపోయాడు. గంగులమ్మ లాడ్జిలో గదులు ఊడుస్తూ, వచ్చిన యాత్రికుల నోళ్ళలోంచి కన్నడం, హిందీ ఏరుకుంది. తమిళం ముందే వచ్చు. పోను పోను యాత్రికులను తీసుకుపోయి ఊరు చూపించే పనిలో పడింది. గోవిందరాజస్వామి గుడి, కపిలతీర్థం, తిరుచానూరు, చంద్రగిరి కోట, అన్నీ ఒక్క పూటలో చూపించి, భోజనం వేళకు పార్టీని లాడ్జికి చేర్చేది. బెంగుళూరు నుంచి వచ్చేవాళ్ళు ఆమె పేరు అడిగి మరీ వచ్చేవాళ్ళు. కూతుర్ని నర్సు చదువు చదివించింది. ఏ గైడు ఏ అంగడికి పార్టీని ఎందుకు తీసుకుపోతాడో, ఏ మర్యాదకు ఎంత వాటానో అంతా తెలుసుకుంది. ఈ ఊళ్ళో అడుగు మాత్రం పెట్టలేదు.

మొన్న ఆగస్టులో లాడ్జికి వచ్చిన బెంగుళూరు ఆవిడ ఒకరు కంచిలో ఇచ్చారంటూ ఒక రంగుల అట్ట చూపించింది. దాని మీద గాజు బీరువాలో ఒక చీర బొమ్మ. కింది అక్షరాలు దేవకి చదివింది. ఎనభై ఏళ్ళ కిందట ముదలాళి తండ్రి ఒక రాణిగారి కోసం స్వయంగా నేసిన చీర అట అది. అరక్కు రంగు, ఆకుపచ్చ అంచు, కుడి పక్క హంసలు వెనక్కి చూస్తున్నాయి.

ఆ మధ్యాహ్నం బస్సుకే గంగులమ్మ నగరిలో దిగింది. ఎవరింట్లోకీ రాలేదు. మా వాకిట్లో ఎండలో నిలబడి పిలిచింది.

"అన్నా, నా హంసలు అగుపడినాయి. కంచికి పోవాల. తోడు రా."

పోలీసులకు చెబుదామన్నాను, వకీలును చూద్దామన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నేతోళ్ళను ఆ అంగట్లో ఎనక వాకిలి కాడనే నిలబెడతారు గదా. ముందు వాకిట్లో పోవాలంటే గైడు ఎమ్మట పోవాల. గైడు తెచ్చిన మనిషిని ఎవురూ ఆపరు. ఆ మర్మం నాకు తెలుసు."

సెప్టెంబరు 5న బయలుదేరాం. లాడ్జి యజమాని భార్య వరలక్ష్మమ్మ ఆమెకు తన పట్టుచీర, మెడలోకి రెండు పేటల గొలుసు ఇచ్చి పంపింది. నన్ను ఇస్త్రీ పంచె కట్టుకోమన్నారు. కంచి బస్టాండులో దిగగానే మునస్వామి అనే గైడు ఎదురొచ్చాడు. తాతల నాడు మన పుత్తూరు వైపు నుంచి పోయిన కుటుంబం, మన మాటే మాట్లాడతాడు. మా ఇద్దరికే ఒక పూట ఊరంతా చూపించేట్టు జట్కా మాట్లాడుకున్నాం. ఏ అంగడి పేరూ ఎత్తొద్దని చెల్లెలు నాకు ముందే చెప్పింది. అడిగితే అనుమానం వస్తుంది, అడక్కపోతే వాడే తీసుకుపోతాడు అంది.

కంచి చిన్న ఊరు కాదు. రాజులు ఏలిన మహానగరం. ఎటు చూసినా గోపురం. మునస్వామి మమ్మల్ని మొదట కైలాసనాథుడి గుడికి తీసుకుపోయి పల్లవుల కథ చెప్పాడు. ఆ గోడల మీది సింహాలను చూస్తూ నేను ఒక గంట మరిచిపోయాను. చెల్లెలు మరిచిపోలేదు. ఆమె బొమ్మలను కాక గైడును చూస్తోంది, తన వృత్తివాణ్ణి పరీక్ష చేసినట్టు. ఏకాంబరేశ్వరుడి గుళ్ళో మామిడి చెట్టు దగ్గర, నాలుగు కొమ్మల పళ్ళకు నాలుగు రుచులని అతను చెప్పగానే అడిగింది.

"నువ్వు తిన్నావా అప్పా?"

"నాకు యాడ దక్కుతుందమ్మా. మా నాయనా ఇట్లే చెప్పినాడు, నేనూ చెప్తా ఉండా."

"తినకుండానే ఇంత బాగా చెప్తివి. నిజం తెలిసినాక ఇంకా ఎంత బాగా చెప్తావో చూడాల."

అతనికి అర్థం కాలేదు, మెప్పు అనుకుని నవ్వాడు. వరదరాజస్వామి గుళ్ళో రాతి గొలుసు చూపించి, బంగారు బల్లి దగ్గరికి తీసుకుపోయాడు. తాకితే చేసిన పాపాలు పోతాయన్నాడు. నేను తాకాను. నా పాపం నాకు తెలుసు. గంగులమ్మ చెయ్యి ఎత్తలేదు.

"నాకు పోగొట్టుకునేది ఏమీ లేదప్పా. తాకాల్సినోడు ఇంకొకడు ఉండాడు" అంది.

పదకొండు దాటాక, అనుకున్నట్టే, ఒక పాత పట్టు అంగడి ఉంది, కొనకపోయినా ఊరికే చూడండి, గుడి చూసినంత పుణ్యం అంటూ మునస్వామి జట్కా తిప్పించాడు.

ముందు వాకిట్లోనే లోపలికి పోయాం. తెల్ల పరుపు, దిండ్లు, వెండి గ్లాసుల్లో కాఫీ. కార్యదర్శిగా సంఘం చీరలు ఈ అంగడి వెనక వాకిటికి మోసుకొచ్చినన్నాళ్ళూ నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ముదలాళి జుట్టు నెరిసింది, బొజ్జ పెరిగింది. మమ్మల్ని గుర్తుపట్టలేదు. దొంగ ముఖం గుర్తుంటుంది గానీ, దొంగ అనిపించుకున్నవాళ్ళ ముఖం ఎవరికి గుర్తుంటుంది. పక్క పరుపు మీద మద్రాసు నుంచి వచ్చిన పెళ్ళివాళ్ళు ఎనిమిది మంది చీరలు చూస్తున్నారు. మునస్వామి గాజు బీరువా ముందు నిలబడి రాణిగారి కథ మొదలుపెట్టాడు. అందరూ విన్నారు. ముదలాళి కళ్ళు సగం మూసుకుని, తండ్రిని తలుచుకున్నట్టు కూర్చున్నాడు.

తిరుపతిలో పెళ్ళి ఉంది, ఇదే నమూనాలో పది చీరలు కావాలి, నేత చేత్తో పట్టి చూడాలి అంది గంగులమ్మ. పది అనేసరికి బీరువా తలుపు తెరుచుకుంది. చీర ఆమె ఒళ్ళోకి వచ్చింది. పన్నెండేళ్ళ తరువాత. ఆమె అంచు వెంట వేళ్ళు నడిపి, కుడి పక్క హంసల దగ్గర ఆపింది.

"ఇది మీ నాయన నేసిందేనా అయ్యా?"

మా నాయన చేతుల మీదే, ఎనభై ఏళ్ళ కిందట అన్నాడు ముదలాళి.

"అట్లయితే కొంగు మడతలో ఊదారంగు పోగుకు మూడు ముడులు ఉండాయి. మీ నాయన ఎందుకు ఏసినాడో చెప్పండి."

గంగులమ్మ మడత విప్పి పోగు బయటికి లాగింది. రెండో కొసను తాను తాకకుండా పెళ్ళివాళ్ళ పెద్దావిడ చేతికిచ్చి, ఎన్ని ముడులున్నాయో మీరే లెక్కపెట్టండమ్మా అంది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసి, మూడు అంది.

అప్పుడు చెల్లెలు నా దగ్గరి అగ్గిపెట్టె తీసుకుంది. నేతవాళ్ళం పోగును కాల్చి పోల్చుకుంటాం. పట్టు కాలితే వెంట్రుక కమురు వాసన, నూలు కాలితే కాగితం వాసన. ముందు చీర అంచు కుచ్చులోంచి ఒక పట్టు పోగు కాల్చింది. అంగడంతా కమురు వాసన వచ్చింది. తరువాత ఊదా పోగు కాల్చింది. అది మండలేదు. కరిగి, ముడుచుకుని, ఆవగింజంత పూసయి గట్టిపడింది. ఆ పూసను ఇత్తడి పళ్ళెంలో వేసి ముదలాళి ముందుకు తోసింది. టిక్కుమంది.

"ఇది నా బిడ్డ జడ రిబ్బను. మీ రాణి కాలంలో నైలాను యాడ ఉండాది?"

పెళ్ళివాళ్ళ పెద్దావిడ అంతవరకూ ఏరి పక్కన పెట్టుకున్న చీరలను మెల్లగా వెనక్కి జరిపి లేచింది. ఆమె వెంట మిగతా ఏడుగురూ లేచారు. అప్పుడు గుర్తుపట్టాడు ముదలాళి. నగరి గంగులమ్మా, అంతా ఆ ఏజెంటు చేసిన పని అన్నాడు. ఏజెంటు చచ్చి ఆరేళ్ళయింది, సాక్ష్యానికి రాడు. చీర తీసుకుపొమ్మన్నాడు, దానిపైన ఏమి కావాలన్నా అడగమన్నాడు. ఆమె చీరను మడిచి మళ్ళీ బీరువాలోనే పెట్టింది.

"నాకు చీర వద్దు. గుంత కావాల. మీరు పూడ్పించింది మీరే తవ్వాల, ఆ వీధిలో, ఆ నలభై ఇండ్ల ముందర."

నీ వీధిలోకి నేను రావడమా అని ఆయన గొంతు పెంచాడు. అప్పుడు నోరు విప్పింది మునస్వామి. ఇన్నేళ్ళు తనచేత అబద్ధం చెప్పించినందుకు అతని ముఖం ఎర్రబడి ఉంది.

"రాకపోతే పోనీలే ముదలాళి. రేపటి నుంచి ఈ ఊరు చూడను వచ్చే ప్రతి పార్టీకీ ఈ కతే చెప్తా. నేనే గాదు, మావోళ్ళంతా చెప్తారు."

చెప్పారు కూడా. మర్నాటి నుంచి ఆ అంగడి ముందు ఒక్క జట్కా ఆగలేదు. నేను రెండు రోజులుండి వచ్చేశాను. చెల్లెలు మునస్వామి ఇంట్లో ఉండిపోయింది. పొద్దున అంగడి తెరిచే వేళకు పోయి ఆ తెల్ల పరుపు మీద కూర్చుని, మూసే వేళకు లేచేది. అరిచేది కాదు, అడిగేది కాదు. ఎవరైనా కొనడానికి వస్తే ఇత్తడి పళ్ళెంలోని పూస చూపించేది. వినాయక చవితి నాడు కూడా అక్కడే కూర్చుంది. మహాలయ పక్షం పోయాక చూద్దామని ఆయన బతిమాలాడట. ఆ పక్షంలో నా మొగుడికి ఏమని నీళ్ళు వదలాల, దొంగదాని మొగుడా అనా, అందట. ఎనిమిదో రోజు ముదలాళి ఒప్పుకున్నాడు.

నిన్న వచ్చిన ఉత్తరంలో ఈ మాటలన్నీ ఉన్నాయి. రాత మునస్వామిది, కింద సంతకం ఎడమచేతిది. ముదలాళి ఆ చీరను తన తల మీద పెట్టుకుని మన వీధిలో నడిచి వస్తాడు. గంగులమ్మ దొంగ కాదని తన నోటితో చెబుతాడు. తరువాత గుంత తవ్వుతాడు. ఆమె ఆయన పక్క సీట్లోనే కూర్చుని వస్తుంది, దారిలో దిగిపోకుండా.

గంగులమ్మ పాత ఇంట్లో మేకలు కట్టుకుంటున్న రాఘవమ్మచేత నిన్ననే ఖాళీ చేయించాను. గడ్డపార పదును పెట్టించి వాకిట్లో ఆనించాను. మన్ను ఎత్తడానికి గంప కూడా పెట్టాను, ఆనాటి గంపే. మొదటి గంప ఎత్తేది నేనే. ఆనాడు నవ్వినవాళ్ళు ఈసారి తలుపులు వేసుకోకుండా వాకిళ్ళలో నిలబడాలి. నేను పేర్లు రాయలేదు. ఆమె చూసుకుంటుంది.

కంచి నుంచి తిరుత్తణి మీదుగా వచ్చే పదిన్నర బస్సుకు గంగులమ్మ దిగుతుంది: 1983 సెప్టెంబరు 19, సోమవారం.