మౌనిక కొలిచిన నాలా

నిన్న పొద్దున మౌనిక వాళ్ల నాన్న నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. మౌనికే చేసిందనుకుని "ఏందే, జ్వరం తగ్గిందా?" అన్నాను.

అటునుంచి అంకుల్ గొంతు. "మౌనిక లేదు బిడ్డా."

"ఏడికి వోయింది అంకుల్?" అని అడిగాను.

అలా అడిగాను. ఆయన ఏడుపు విన్నాక గానీ నాకు అర్థం కాలేదు.

ఐదు రోజుల డెంగ్యూ జ్వరం. ప్లేట్‌లెట్స్ పడిపోతున్నాయని మొన్న సాయంత్రం దవాఖానాలో చేర్చారు. రేపు వెళ్లి చూద్దాంలే అనుకున్నాను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. మౌనిక నా డిగ్రీ క్లాస్‌మేట్, జాగ్రఫీ ఫైనల్ ఇయర్. హైదరాబాద్‌లో నేనుండేది ఉప్పల్, తను నాచారం. వాళ్ల నాన్న అక్కడే ఒక కంపెనీలో మెషిన్ నడుపుతారు.

ఫైనల్ ఇయర్‌లో ఒక్కొక్కరం విడిగా డిసర్టేషన్ చేయాలి. టాపిక్ మనదే, కొలతలు మనవే. మేమంతా సీనియర్ల పాత ఫైళ్ల కోసం పరిగెత్తాం. మౌనిక మాత్రం వాళ్ల గల్లీ చివరి మురికి కాలువను, నాలాను పట్టుకుంది. ఎంత వాన పడితే నాలా ఎంత పెరుగుతుంది, ఎంతసేపటికి తగ్గుతుంది. అంతే.

మోరీ మీద ప్రాజెక్టా అని మస్తు ఏడిపించాం.

"మురికైనా నీళ్లే కదనే. గవి ఏడికెల్లి వస్తున్నయో ఎవ్వరన్న సూసిన్రా?" అనేది.

కొలిచే పద్ధతి కూడా తనదే. నైలాన్ తాడుకు సెంటీమీటర్ల గుర్తులు, చివర వాళ్ల నాన్న తెచ్చిచ్చిన పెద్ద ఇనుప నట్టు. రోజూ పొద్దున ఏడింటికి కల్వర్టు రెయిలింగ్ మీది నుంచి తాడు వదిలేది. నట్టు నీళ్లను తాకగానే తాడు ఎంత దిగిందో చూసి నోట్‌బుక్‌లో రాసేది.

అంటే పైనుంచి కొలత. నీళ్లు పెరిగితే నంబర్ తగ్గాలి.

వానాకాలమంతా ఒక్క రోజు కూడా ఖాళీ ఉండకూడదని తన పంతం. మధ్యలో జనగామలో చుట్టాల పెళ్లి వచ్చింది. తాడు నా చేతిలో పెట్టింది.

"రేపొక్క రోజు నువ్వు కొల్వవే. మర్సిపోకు, మీదికెల్లి కిందికి."

ఆ పొద్దున కుండపోత వాన. నేను దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను. పదింటికి లేచి, ఇంత వాన పడింది కదా నీళ్లు పెరిగే ఉంటాయి అనుకుని, ముందు రోజు నంబర్‌కు యాభై కలిపి మెసేజ్ పెట్టేశాను.

కలిపాను. తీసేయాల్సింది.

అలా మౌనిక నోట్‌బుక్‌లో, అన్నిటికంటే పెద్ద వాన పడిన రోజు నాలా అర మీటరు తగ్గింది.

ఇంకొకరైతే నంబర్ తప్పనుకుని కొట్టేసేవాళ్లు. మౌనిక నన్ను అనుమానించనైనా లేదు.

"రజితా, గంత వానల నీళ్లు తగ్గినయంటే మీద ఏడనో అడ్డం వడ్డదే, దేవులాడాలె" అని నాలా వెంబడి ఎగువకు వెతకడం మొదలుపెట్టింది. మూడు వారాలు తిరిగింది. గోడ ఎక్కడ కూలింది, చెత్త ఎక్కడ ఆగింది అని గల్లీ గల్లీలో అడిగింది. మున్సిపాలిటీ మేడం వచ్చిందనుకుని జనం కరెంటు స్తంభాల గురించి కూడా మొరపెట్టుకునేవారట. పిచ్చిది, అవి కూడా రాసుకుంది.

చెప్పేద్దామని ఒకసారి ఉప్పల్‌లో మిర్చి బజ్జీలు తింటూ నోరు తెరిచాను. "మౌనికా, గా రోజు..."

"నువ్వు లేకుంటే గా రోజు ఖాళీ ఉండునే. గంత వానల వోయినవ్" అంది.

బజ్జీతో పాటు మాట కూడా మింగేశాను.

డెంగ్యూ దోమ మురికి నీళ్లలో కాదు, మంచి నీళ్లలో పుడుతుందని నాకు చెప్పింది మౌనికే. ఆ జ్వరానికీ నాలాకూ సంబంధం లేదని నాకు తెలుసు. అయినా మనసు ఒప్పుకోవడం లేదు. ఎవరిని అడగాలో తెలియడం లేదు.

నిన్న అన్నీ అయ్యాక అంకుల్ తన ఫైలు, ఆ తాడు తెచ్చి నా ఒళ్లో పెట్టారు. సగమే రాసింది. కానీ కృతజ్ఞతల పేజీ మాత్రం ముందే రాసి పెట్టుకుంది.

"నీ పేరు రాసింది బిడ్డా, సదువు."

*కుండపోత వానలో కూడా నా కోసం వెళ్లి కొలిచిన రజితకు.*

పైకి చదవలేకపోయాను. మౌనిక వాళ్ల అమ్మ, ఆంటీ, నా తల నిమిరింది. ఆ చేయి తీసేయమని చెప్పాలనిపించింది.

"గిది నువ్వు పూర్తి జేసి కాలేజీల ఇయ్యొస్తదా బిడ్డా?" అని అంకుల్ అడిగారు.

రాదు. ఎవరిది వాళ్లే చేయాలి. ఆయనకు ఆ మాట కూడా చెప్పలేక సరేనని తల ఊపాను. ఆ నంబర్ దిద్దితే తన మూడు వారాల తిరుగుడుకు అర్థం లేదు. దిద్దకపోతే నా అబద్ధం తన పేరు మీద ఉండిపోతుంది. ఏం చేయాలో నిజంగా తెలియడం లేదు. అంకుల్, ఆంటీ, ఇది చదివితే నన్ను తిట్టండి.

ఈ రోజు పొద్దున ఏడింటికి కల్వర్టు దగ్గరికి వెళ్లాను. పైనుంచి తాడు వదిలాను. నట్టు నీళ్లను తాకింది. నంబర్ చూశాను. మెసేజ్ పెడదామని ఫోన్ తీసి మౌనిక పేరు దాకా వెళ్లి ఆగిపోయాను.

మౌనికా, గా రోజు నేను వోలేదే. నాలా తగ్గలేదు. మీద ఏడా అడ్డం లేదు.

ఇగ దేవులాడకు. నిమ్మలంగ పండుకోవే.