పాలకు ముందు ముద్ద

రోజూ పొద్దున ఇన్సులిన్ వేసుకునే ముందు దూది మీద స్పిరిట్ ఒంపుతాను. ఆ ఘాటు ముక్కుకు తగలగానే ఖాసింబీ గారు గుర్తొస్తారు. సత్తెనపల్లిలో మా వెనక వీధిలో ఉండేవారు. ఒక చిన్న ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి ఇంటికి వెళుతూ దారిలో బాలింతల్ని చూసి వెళ్లడం ఆవిడ అలవాటు. ఎవరూ పిలవక్కర్లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నాకు పాప పుట్టింది. షుగర్ పెళ్లికి ముందు నుంచే ఉంది. మా అత్తయ్య మనసు మెత్తన, పథ్యం మాత్రం కఠినం. బాలింతకు రోజుకు ఒక్కపూటే అన్నం, అదీ వెల్లుల్లి కారంతో. మంచినీళ్లు గొంతు తడుపుకోవడానికే. తిండి తగ్గితే షుగరూ తగ్గుతుంది కదా అని నేనూ లోలోపల సంతోషించాను. సూది మాత్రం డాక్టరు చెప్పినంతా వేసుకునేదాన్ని. నా తెలివి అలా ఏడ్చింది.

పురుటి స్నానమైన మర్నాడు మంచం అంచున కూర్చుని పాలిస్తున్నాను. చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. పాప ఒడిలోంచి జారిపోతోందని తెలుస్తోంది, పట్టుకోవడం చేతకావడం లేదు. అప్పుడే గుమ్మంలోకి వచ్చిన ఖాసింబీ గారు ఒక్క అంగలో పాపను అందుకున్నారు. చక్కెర నీళ్లు కలపమన్నారు.

"షుగరున్న మనిషికి చక్కెరా?" అంది అత్తయ్య.

"ముందు కలపండి అక్కయ్య గారూ, తర్వాత మాట్లాడదాం."

నేను తేరుకున్నాక అత్తయ్య తేల్చేసింది. "ఇక తల్లిపాలు వద్దు. ఆ పాలు తాగితే పిల్లకీ షుగరొస్తుంది. డబ్బాపాలు పడదాం." నాకు ఏడుపొచ్చింది. పాప పాలు తాగుతున్నంతసేపే నేను రోగిననే సంగతి మరిచిపోయేదాన్ని.

ఖాసింబీ గారు కసురుకోలేదు. "పాలల్లోంచి జబ్బు రాదండీ. ఇన్సులినూ పిల్లనేం చెయ్యదు. పాలిచ్చే తల్లికి షుగరు పడిపోతూ ఉంటుంది. మీరు పస్తు పెట్టారు, మీ కోడలేమో సూది పూర్తిగా వేసుకుంది." నావైపు తిరిగి, "రేపు డాక్టరు గారి దగ్గరికి పద. డోసు ఆయన మార్చాలి, నువ్వు కాదు" అన్నారు. మళ్లీ అత్తయ్యతో, "పాలిచ్చే ముందు కాస్త తినిపించి గ్లాసుడు నీళ్లిచ్చే పని మీదే. ఇంకెవరి మీదా నాకు నమ్మకం లేదు" అన్నారు. పథ్యం పెట్టిన చేతికే ఆ పని అప్పగించడం ఎంత తెలివో నాకు చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు.

వెళ్లేముందు నా పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పారు. "నాకూ షుగరేనమ్మా. మా పెద్దదానికి పాలివ్వొద్దన్నారు, మానేశాను. రొమ్ములకి గుడ్డ బిగించి కట్టుకుని తిరిగా. నర్సుని కాదు అప్పటికి. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు."

ఆ తర్వాత పాప ఏడిస్తే అత్తయ్య ముందు ముద్ద కలిపి నా నోటికి అందించేది, ఆ తర్వాతే పాపను ఒళ్లో పెట్టేది. ఏడాది నిండేదాకా పాలిచ్చాను. పాప ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. ఖాసింబీ గారు పోయి చాలాకాలమైంది. బాలింతను చూడ్డానికి ఎవరింటికి వెళ్లినా, అందరూ బిడ్డ ఎవరి పోలికో చూస్తుంటారు. నేను తల్లి పక్కన కూర్చుని, "నువ్వు తిన్నావా అమ్మాయ్?" అని అడుగుతాను.