జనగామ ఫోనులో లేని నంబరు

1982 వేసవి మొదట్లో నన్ను జనగామ నుంచి భూపాలపల్లి పఠనమందిరానికి గ్రంథపాలకుడిగా బదిలీ చేశారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఇప్పుడు మూడు జిల్లా కేంద్రాలు. అప్పుడు మూడూ వరంగల్ జిల్లాలోవే. మా పఠనమందిరాలు సర్కారువి కావు. జనగామ గంజులో ధాన్యం, మిర్చి టోకు వ్యాపారం చేసే కొందరు వర్తకులు పుణ్యానికి నడిపేవి. మాకు జీతమిచ్చేదీ, సెలవిచ్చేదీ, కోప్పడేదీ వాళ్ల కార్యదర్శే. ఆయన్ని మేమంతా సేటు అనేవాళ్లం.

నాది కొడకండ్ల. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడి నాకొక ఏడాది చదువు పోయింది. ఉద్యమం తప్పని ఇప్పటికీ అనను. కానీ పోయిన ఏడాది పోయిందే. మళ్లీ పుస్తకం పట్టేసరికి ఇంట్లో సంపాదించమన్నారు, నేను జనగామ పఠనమందిరంలో సహాయకుడిగా చేరిపోయాను. చదువు ఆగిపోయిన పిల్లల్ని చూస్తే నాకు ఊరికే కోపం వచ్చేది ఇందుకే. ఆ కోపం ఎవరి మీదో మాత్రం నాకే తెలిసేది కాదు.

ఆ వేసవిలో సేటుకు ఒక ఆలోచన వచ్చింది. గంజులో వర్తకులు రోజూ ట్రంకు కాల్ చేసి దూరపు ఊళ్లలో ధరలు కనుక్కుంటారు కదా, పుస్తకాల వాళ్లు మాత్రం పేపరొచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవడం ఏమిటన్నాడు. మూడు చోట్లా ఫోన్లు పెట్టించాడు. హైదరాబాదు పేపరు జనగామకు తెల్లవారుజాము రైల్లో వస్తుంది. భూపాలపల్లికి మర్నాడు పొద్దున బస్సులో వస్తుంది. పదో తరగతి ఫలితాల రోజున మా పిల్లల నంబర్లు మేం జనగామకు చదివితే, వాళ్లు పేపర్లో చూసి చెప్తారు. ఒక రోజు ముందే కబురు తెలిసిపోతుంది. ఆలోచన మంచిదే. అందరం మెచ్చుకున్నాం.

ఫోను వాడటం నేర్పడానికి మమ్మల్నందరినీ మహబూబాబాద్‌కు పిలిపించారు. నేర్పింది సేటు దుకాణంలో పెద్ద గుమాస్తా సాంబయ్య. ట్రంకు కాల్ అంటే ఇప్పటి వాళ్లకు తెలియదు. ఎక్స్ఛేంజికి చెప్పి బుక్ చేసుకుని, లైను కలిసేదాకా కాచుకోవాలి. కలిశాక మూడు నిమిషాలు ఒక లెక్క. దాటితే మళ్లీ ఇంకో లెక్క పడుతుంది. అందుకని గుమాస్తాలకు పొట్టి మాటల అలవాటు. సాంబయ్య మాకూ అదే నేర్పాడు.

"ఇది ముచ్చట్లు వెట్టే డబ్బా కాదు సారు. సరుకు ఉంటే ధర చెప్పాలె. లేకుంటే లేదనాలె. గంతే. ఎందుకు లేదు, ఏడ లేదు అని మాట పెంచొద్దు."

ఆ పద్ధతినే ఫలితాలకు మార్చుకున్నాం. మేం నంబరు చదవాలి. అవతలి మనిషి ఫస్టు, సెకండు, థర్డు, లేదు అనే నాలుగు మాటల్లో ఒకటి చెప్పాలి. మేం దాన్ని చీటీ మీద రాసి పిల్లల చేతికివ్వాలి. "లేదు" అంటే చీటీ మీద "ఫెయిల్" అని రాయాలని కూడా ఆ రోజే తేల్చేశారు. అలా రాయవచ్చా అని అక్కడున్న వాళ్లలో ఎవరూ అడగలేదు. గంజులో లేదంటే లేదే మరి.

మా సహాయకుడు ఎల్లయ్యకు మొదట్లో ఫోనంటే భయం. రిసీవరును చెవికి దూరంగా పట్టుకుని, అవతల వాళ్లు ఊరవతల ఉన్నట్టు అరిచేవాడు. పట్టుదల గల మనిషి. ఖాళీగా ఉన్నప్పుడల్లా రిసీవరు పెట్టే ఉంచి, నోటితో నంబర్లు చదువుకుంటూ సాధన చేశాడు. ఫలితాల నాటికి సాంబయ్యకు దీటుగా తయారయ్యాడు.

ఫలితాల రోజు పొద్దున పిల్లలు అరుగు దాటి రోడ్డు దాకా నిలబడ్డారు. వాళ్లలో కమిలి ఉంది. దగ్గరి తండా పిల్ల. ఆ తండాలో పదో తరగతి పరీక్ష రాసిన మొదటి ఆడపిల్ల. సెలవుల్లో రోజూ వచ్చి మా దగ్గరున్న పత్రికలన్నీ చదివేది. చదివినవి అయిపోతే పాతవి మళ్లీ తీసేది. ఆమె తండ్రి లచ్చు కూడా వెంట వచ్చాడు. గోదావరి అవతల కాలువ పని ఉందని ఒక మేస్త్రీ తండావాళ్లను కూలికి తీసుకుపోతున్నాడట. లారీ ఆ మధ్యాహ్నమే బయల్దేరుతుందట.

"పాసైతే హాస్టల్ల వుండి సదువుకుంటది సారు. లేకుంటే మాతోని వచ్చి తట్ట మోస్తది. మేస్త్రీకి గట్లనే చెప్పిన" అన్నాడు లచ్చు. దాచిపెట్టి చెప్పిన మాట కాదు. ఎల్లయ్యా విన్నాడు, నేనూ విన్నాను.

లైను కలిసింది. ఎల్లయ్య నంబర్లు గడగడ చదివాడు, జవాబులు టపటప రాశాడు. పనిలో పొరపాటు ఒక్కటీ లేదు. కమిలి నంబరుకు "లేదు" అని వచ్చింది. చీటీ చూసుకుని ఆ పిల్ల ఇంకోసారి అడుగుతారా అంది. కాల్ అయిపోయిందని, మళ్లీ బుక్ చేస్తే ఎప్పటికి కలుస్తుందో తెలియదని ఎల్లయ్య మెత్తగానే చెప్పాడు. "పేపర్ల లేదంటే లేదే బిడ్డా. మళ్ల రాద్దువు తీ" అని సముదాయించాడు. నేను పక్కనే వరస సర్దుతున్నాను. ఆ మాట నాకు వింతగా వినిపించలేదు. మాకు నేర్పింది అదే.

లచ్చు మంచిది సారు అని దండం పెట్టి కూతుర్ని తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు బస్సులో పేపరొచ్చింది. పాసైన వాళ్ల నంబర్లు ఒక పేజీ నిండా ఉన్నాయి. కమిలి నంబరు అందులో లేదు, జనగామ వాళ్లు చెప్పింది నిజమే. పేజీ తిప్పితే వెనకవైపు అడుగున చిన్న గళ్లు కట్టి "ఆపి ఉంచిన ఫలితాలు" అని వేశారు. ఏదో ఒక సబ్జెక్టు మార్కులు ఆలస్యంగా చేరితే అలాంటి నంబర్లను విడిగా వేస్తారు. తప్పినట్టు కాదు, ఇంకా తేల్చలేదని అర్థం. కమిలి నంబరు అక్కడుంది. జనగామలో పేపరు ముందేసుకుని కూర్చున్న మనిషికి చూడమన్న పేజీ ఒక్కటే. ఆయన దాన్ని శ్రద్ధగా చూశాడు.

నేను పేపరు మడిచి చంకలో పెట్టుకుని బడికి పోయాను. లెక్కల మార్కులు ఆలస్యమయ్యాయని, ఆ పిల్ల తప్పే రకం కాదని హెడ్మాస్టరు అన్నాడు. అక్కణ్నుంచి తండాకు పోతే గుడిసెలకు తడికలు అడ్డం కట్టి ఉన్నాయి. లారీ కాళేశ్వరం దాకా పోయిందనీ, అక్కడ రేవు దాటి అవతలి ఒడ్డున ఇంకో బండి ఎక్కుతారనీ ఒక ముసలవ్వ చెప్పింది. దొరికిన బస్సు ఎక్కేశాను. కాళేశ్వరం రేవులో యాత్రికులు స్నానాలు చేస్తున్నారు. పడవవాడికి పేపరు చూపించి, ఏం చూపిస్తున్నానో నాకే అర్థంకాక మళ్లీ మడిచి, తండా వాళ్ల సంగతి అడిగాను.

"నిన్న పొద్దుగూకంగనే దాటిండ్రు. ఏడికి పోయిండ్రో మాకేం ఎర్క సారు?"

ఆ ఒడ్డున అప్పటికే ఎండ తప్ప ఏమీ లేదు. చాలాసేపు నిలబడి తిరిగొచ్చాను. దారంతా సాంబయ్యను, సేటును, ఆ నల్ల డబ్బాను తిట్టుకున్నాను.

కొన్ని వారాలకు ఆపిన ఫలితాలు వచ్చాయి. కమిలి సెకండు క్లాసులో పాసైంది. నేను అడిగితే సాంబయ్య గోదావరి అవతల తనకు తెలిసిన వర్తకులందరికీ కాల్ చేశాడు, పాపం, ఆ రోజు నిమిషాలు కూడా చూసుకోలేదు. గంజు ఉన్న ఊరల్లా పలికింది. కాలువలు తవ్వే చోట్ల ఫోన్లు లేవు. మేస్త్రీ వాళ్లను ఒక పని నుంచి ఇంకో పనికి తిప్పుతున్నాడని మాత్రం తెలిసింది. హాస్టల్ సీటు గడువు దాటి ఇంకొకరికి పోయింది.

మరుసటి ఏడాది వానలు తగ్గాక కమిలి పఠనమందిరానికి వచ్చింది. కుడి చెయ్యి చీర కొంగులో చుట్టుకుని ఉంది. కాలువ పని అయ్యాక కంకర మిషను మీద పెట్టారట. చెయ్యి అందులో పడింది. ఏ దవాఖానకు తీసుకుపోయారో కూడా ఆమెకు తెలియదు. ఎల్లయ్య లేచి కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు. బళ్లో హెడ్మాస్టరు సంగతంతా చెప్పాడట. ఫలితాల రోజు పేపరు ఉందా అని అడిగింది.

కుట్టి ఉంచిన పాత పేపర్లలోంచి తీసి బల్ల మీద పరిచాను. ఎడమచేతి వేలితో గళ్లలో వెతికి తన నంబరు మీద ఆపింది. తర్వాత మామూలుగా మాట్లాడింది.

"లేదన్నరని పోయినం సారు. దొరకలేదు, రేపు పేపరు చూసుకోండ్రి అంటే బాపు ఒక్క దినం ఆగుతుండె. మేస్త్రీ గూడ ఆగుతుండె. ఆ దినం లారీ నిండనే లేదు."

ఎల్లయ్య బయటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన ఫోను ముట్టలేదు. మోగితే నన్ను పిలిచేవాడు. కమిలి మళ్లీ పఠనమందిరానికి రాలేదు.

నేను జనగామ పోయి సేటు ముందు కూర్చున్నాను. ఇకమీదట మా బల్ల దగ్గర వట్టి "లేదు" చెల్లదనీ, ఏ పేజీ చూశామో, ఏది చూడలేదో రెండూ చెప్పాలనీ అన్నాను. అట్లయితే కాల్ పెరుగుతుందని సాంబయ్య నసిగాడు. పెరగనీయండి అన్నాను, కొంచెం గట్టిగానే. చివరికి సేటు మీ ఇష్టం అన్నాడు.

నేను రిటైరయ్యే ముందు గ్రంథాలయాలకు కంప్యూటర్లు వచ్చాయి. నేర్పడానికి వచ్చిన కుర్రాడు, పేరు కొడితే పుస్తకం ఉందో లేదో అదే చెప్తుందన్నాడు. లేదని చెప్పినప్పుడు అది ఎక్కడెక్కడ చూసి చెప్తుందని అడిగాను. అతను నన్ను చాదస్తుడి కింద జమకట్టినట్టున్నాడు. ఏం చేస్తాం, నాకు ఫోను నేర్పిన పాఠం అదే. పరికరం లేదంటే, అది చూసిన చోట లేదని మాత్రమే అర్థం. ఇంకా చూడని చోటు ఉంటే ఆ సంగతి ఎదుటి మనిషికి చెప్పి పంపడం గ్రంథపాలకుడి పని. ఆ మాట చెప్పడానికి మూడు నిమిషాల కాల్‌లో చోటు ఉండింది.